దానమ్మ చెప్పని సాక్ష్యం

దేవుడు చేసిన మేలు దాచుకోవడం దానమ్మకు చేతకాదు. గ్యాస్ బండ అనుకున్న రోజు కంటే ముందొస్తే సాక్ష్యం, మనవరాలికి జ్వరం తగ్గితే సాక్ష్యం, తను మధ్యాహ్న భోజనం వండే మునిసిపల్ స్కూల్లో హెడ్మాస్టరు పప్పు బాగుందంటే అదీ సాక్ష్యమే. ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక పాస్టరు బెన్నీగారు "ఈ వారం ప్రభువు ఎవరికేం మేలు చేశాడో లేచి చెప్పండి" అని మైకు ముందుకు చాపగానే, తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుంటూ చాపమీంచి అందరికన్నా ముందు లేచేది ఆవిడే. వెనక వరసలో ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. నవ్వుకుంటే నవ్వుకోనీ. మేలు పొంది నోరు మూసుకుని కూర్చుంటే దేవుడి మహిమను దొంగిలించినట్టేనని ఆవిడకి చిన్నప్పుడే నేర్పారు. దొంగతనం వాళ్ళ ఇంటావంటా లేదు.

ఆ ప్రార్థన మందిరం విజయవాడ రాణిగారితోటలో, బందరు కాలవ కట్ట దిగువ వీధిలో ఉంది. రేకుల కప్పు, నీలం రంగు గోడలు, ముందు పక్క స్తంభానికి ఒక మైకు గొట్టం. ఒంట్లో బాగాలేక రాలేనివాళ్ళు కూడా ఇంట్లోంచే వాక్యం వినాలని సంఘ పెద్దలు ఆ గొట్టాన్ని వీధిలోకి తిప్పి కట్టించారు. దాని మూతి సరిగ్గా దానమ్మ ఇంటివైపు ఉంటుంది. ఈ గొట్టం సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. దానమ్మ మర్చిపోయింది, అదే ఆవిడ కొంప ముంచింది.

ఎన్ని సాక్ష్యాలు చెప్పినా ఒకటి మాత్రం ఆవిడకు మిగిలిపోయింది. "నా జయపాల్ మంచం దిగి తనంతట తాను గడప దాటిన రోజున, ఈ మైకు పట్టుకుని సంఘమంతా వినేలా నీ మేలు చెబుతాను తండ్రీ" అని ఎనిమిదేళ్ళ కిందట అందరి ముందూ మొక్కుకుంది. ఎనిమిదేళ్ళుగా ఆ మొక్కు అలాగే ఉంది.

జయపాల్ ఆవిడ కొడుకు. ఒకప్పుడు అదే మందిరంలో డోలక్ వాయించేవాడు. వాడి వాయింపు చూడ్డానికి పక్క పేటల కుర్రాళ్ళు కూడా వచ్చి వాకిట్లో నిలబడేవాళ్ళు. ఇరవై రెండో ఏట, పాట మధ్యలో, వాయించే చెయ్యి ఆగిపోయింది. మైకు గొట్టంలోంచి ఎవరో తన పేరు పెట్టి బూతులు తిడుతున్నారని కేకలేశాడు. డోలక్ ఎత్తి విసిరేశాడు. అది వెళ్ళి చంటిపిల్లనెత్తుకున్న ఒకావిడ పక్కన పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, నలుగురు కలిసి వాణ్ణి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. స్కిజోఫ్రీనియా అన్నారు. మందులు వాడారు. కొన్నాళ్ళకు తిట్టే గొంతులు పోయాయి. వాటితో పాటు జయపాల్ కూడా ఎటో పోయినట్టయింది.

పొద్దున్న లేచి కూర్చునేవాడు, మళ్ళీ పడుకునేవాడు. ఏం తింటావంటే "ఏదోటి" అనేవాడు. అలా బయటికెళ్ళి రారా అంటే "ఎందుకు" అనేవాడు. ఆ "ఎందుకు"లో పొగరు లేదు, నిజంగానే ఎందుకో వాడికి తెలియదు. దానమ్మ బ్రష్షు మీద పేస్టు వేసి అందించేది, బకెట్లో నీళ్ళు తోడి తువ్వాలు పెట్టేది, అన్నం కలిపి కంచం చేతికిచ్చేది. తండ్రి లాజరు పోయినప్పుడు సమాధి దగ్గర కూడా, ఎవరో తెచ్చి నిలబెట్టినట్టు నిలబడ్డాడు. తిని పడుకోవడం అలవాటైందన్నారు కొందరు. పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందన్నారు ఇంకొందరు. ఓపిక నశించి దానమ్మ కూడా ఒక్కోసారి, "నీ ఈడు వాళ్ళు ఇల్లు నడుపుతున్నార్రా" అని అరిచేది. అరిచాక వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేది.

మంగళగిరిలో కాపురముంటున్న కూతురు కృప, ఈసారి మందులు రాసే డాక్టరుగారిని గట్టిగా అడిగింది. "మందు చేయగలిగింది చేసిందమ్మా. ఉత్సాహం పుట్టించే మాత్ర మాత్రం నా దగ్గర లేదు. బెంజ్ సర్కిల్ వెనక హేమగారని సైకాలజిస్టు ఉన్నారు. ఇలాంటి వాళ్ళతో మాట్లాడి పనిచేయిస్తారు, కలవండి" అన్నాడాయన.

"మాటలతో పోయేదైతే ఎనిమిదేళ్ళ నుంచి నేను మాట్లాడతానే ఉన్నాగా" అంది దానమ్మ. అయినా వెళ్ళింది.

హేమకు ముప్పై అయిదేళ్ళుంటాయి. "జయపాల్ గారూ, కూర్చోండి" అంది. కొడుకుని ఎవరన్నా 'గారూ' అని దానమ్మ విని చాలా ఏళ్ళయింది, ఆ ఒక్క పిలుపుకే ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత మాత్రం హేమ మీద కోపమొచ్చింది. ఒక ప్రశ్న అడిగి, జవాబు రాకపోతే అలాగే కూర్చుంటుంది మనిషి. ఎంతసేపైనా కూర్చుంటుంది. ఆ నిశ్శబ్దం భరించలేక దానమ్మ కొడుకు తరఫున తనే జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. వాడికి వంకాయ ఇష్టమనీ, చిన్నప్పుడు చురుగ్గా ఉండేవాడనీ, ఎవరో చెడగొట్టారనీ.

"మీరు చెప్పింది విన్నానమ్మా. ఆయన చెప్పేది కూడా వింటాను" అంది హేమ, నవ్వుతూనే.

ఆ రోజు దానమ్మను విడిగా కూర్చోబెట్టి చెప్పింది. "ఇది బద్ధకం కాదండి. గొంతులు వినపడటం ఎలా జబ్బో, ఇదీ అదే జబ్బు. ఏ పనైనా బాగుంటుందని ముందుగా అనిపిస్తేనే మనం లేస్తాం. ఆయనకి ఆ అనిపించడమే ఆగిపోయింది. పైగా తను ఏది ముట్టుకున్నా పాడవుతుందని గట్టిగా నమ్ముతున్నారు."

"అయితే మావాడు సోమరిపోతు కాదన్నమాట" అంది దానమ్మ. ఆ ఒక్కమాట కోసం ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తోందో ఆవిడకే అప్పుడు తెలిసింది.

"కాదు. మీరు మాత్రం ఒక కష్టమైన పని చేయాలి. ఆయన పనులు చేయకుండా ఉండాలి. పేస్టు వేసివ్వకండి, నీళ్ళు తోడకండి. ఏదైనా తనంతట తను చేస్తే మరీ పొగడకండి. ఇవాళ పెద్ద పండగ చేస్తే, రేపు చేయలేకపోయిన రోజు అది పెద్ద నేరంలా తోస్తుంది."

పొయ్యి దగ్గర వందమంది పిల్లలకి వండమంటే వండేది గానీ, చేతులు కట్టుకుని కూర్చోవడం దానమ్మకి చచ్చేంత పనయింది. బ్రష్షు గూట్లో పొడిగా ఉండిపోయింది. గదిలోంచి వాసన వచ్చేది. పక్కింటి తెరేసమ్మ "ఏంటొదినా, కుర్రాణ్ణి గాలికొదిలేశావా" అని కూడా అంది. చివరికి ఒక పొద్దున పంపు చప్పుడూ, ఆ వెనకే పుక్కిలించిన చప్పుడూ వినిపించాయి. దానమ్మ పప్పు గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చింది. కొడుకు బయటికొచ్చేసరికి మొహం తుడుచుకుని, "ఇడ్లీ తింటావా" అని మాత్రం అడిగింది.

వారం వారం బెంజ్ సర్కిల్ వెళ్ళొచ్చేవాళ్ళు. హేమ ఒకరోజు అడిగింది, చిన్నప్పుడు ఏం చేస్తుంటే పొద్దు తెలిసేది కాదు అని. అందరూ డోలక్ అంటాడనుకున్నారు.

"నీళ్ళు" అన్నాడు జయపాల్.

"ఏ నీళ్ళు?"

ఒక్కో మాటే కూడదీసుకుని చెప్పాడు. తండ్రి లాజరు కాలవల మీద లస్కరు, అంటే గట్లూ తూములూ కనిపెట్టుకుని తిరిగే ఉద్యోగి. వేసవిలో ఎండబెట్టిన కాలవకి బ్యారేజీ నుంచి మళ్ళీ నీళ్ళు వదిలిన రోజున, ఆ వచ్చే నీటి ముందు అంచుకి ఎక్కడా చెత్త అడ్డం పడకుండా చూసుకుంటూ గట్టు వెంబడి నడిచేవాడు. కొడుకును కూడా తీసుకెళ్ళేవాడు. పొడి కాలవలోకి నీళ్ళు మనిషి నడకంత వేగంతో వస్తుంటే, వాటికంటే నాలుగడుగులు ముందు నడుస్తూ పోవడం వాళ్ళిద్దరి ఆట.

"ఈసారి నీళ్ళొదిలినప్పుడు వెళ్ళి చూడాలని ఉందా?" అంది హేమ.

"పోయినా ఏముంటది. నాన్న లేడుగా."

"వెళ్తే ఎలా ఉంటుందనుకుంటున్నారు? పదికి ఎన్ని మార్కులేస్తారు?"

"సున్నా."

"సరే. ఇది ఇక్కడ కూర్చుని వేసిన సున్నా. వెళ్ళొచ్చాక కూడా ఒకసారి వెయ్యండి. రెండూ ఒకటేనో కాదో చూద్దాం." నీళ్ళకి ఇంకా నెలలున్నాయి కాబట్టి, ముందు కట్టమీద పునుగుల బండి దాకా వెళ్ళి రావడంతో మొదలుపెడదామన్నారు. దానికి జయపాల్ ఒక మార్కు వేశాడు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం, దానమ్మ చేటలో బియ్యం ఏరుతుంటే, జయపాల్ గదిలోంచి వచ్చి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఒక గుండీ తప్పు కన్నంలో పడింది. సరిచేయబోయిన చేతిని దానమ్మ చేటకిందికి లాక్కుంది. వాడు వెళ్ళాడు. వచ్చాడు. నూనె మరకల కాగితం పొట్లం ఆవిడ పక్కన పెట్టి "నీకు కూడా" అన్నాడు. బండి దాకా వెళ్ళడం మట్టుకే అనుకున్న పని, అమ్మకి తేవడం ఎవరూ చెప్పింది కాదు. దానమ్మ ఒక పునుగు కొరికి, తలొంచుకుని మళ్ళీ బియ్యంలోకి చూసింది. తర్వాత హేమ దగ్గర నాలుగు మార్కులు వేశాడు. ఆ మూడు ఎక్కువెలా వచ్చాయని ఆమె అడిగితే, ఆలోచించి "వేడిగా ఉన్నయ్" అన్నాడు.

ఇక దానమ్మ ఆగుతుందా? మొక్కుకున్న మొక్కు ఉంది. కొడుకు మంచం దిగాడు, గడప దాటాడు. ఇంకా చెప్పకపోతే ఇచ్చిన దేవుడే వెనక్కి తీసుకుంటాడేమోనని గుండెల్లో గుబులు. హేమ మాట గుర్తు రాకపోలేదు. వాణ్ణి పొగడొద్దంది గానీ దేవుణ్ణి పొగడొద్దనలేదుగా అనుకుంది. అలా సర్దిచెప్పుకోవడంలో ఆవిడకి ఏ తప్పూ కనపడలేదు, ఆవిడ స్థానంలో ఆ మందిరంలో ఎవరున్నా అదే చేసేవాళ్ళు.

ఆ ఆదివారం మైకు రెండు చేతులా పట్టుకుంది. "నా కొడుకు ఎనిమిదేళ్ళుగా మంచానికి అతుక్కుపోయాడని మీ అందరికీ తెలుసు. మొన్న వాడంతట వాడే లేచి, చొక్కా తొడుక్కుని, కట్టమీదికెళ్ళి నాకు పునుగులు తెచ్చాడండీ! నా జయపాల్‌ని ప్రభువు లేపాడు. జయపాల్‌ని లేపాడు!" మందిరమంతా హల్లెలూయా అంది. చప్పట్లు కొట్టారు. ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. బెన్నీగారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఎనిమిదేళ్ళు ఆయన కూడా ప్రార్థించిన మనిషే.

ఆరాధన కాగానే అందరూ కలిసి ఇంటికి బయల్దేరారు. బెన్నీగారి చేతిలో డోలక్ ఉంది. పాతదే, తోలు మార్పించి బీరువాలో దాచి ఉంచారు. "నీకోసమే దాచాం తమ్ముడూ, ఒక్కసారి చెయ్యి వెయ్యి" అంటూ గదిలోకి వెళ్ళారు. జయపాల్ మంచం మూల గోడకి ఆనుకుని, రెండు చెవులూ మూసుకుని కూర్చుని ఉన్నాడు. బెన్నీగారు ఆ చేతులు మెల్లగా దించి డోలక్ ఒళ్ళో పెట్టారు. పదిహేను, ఇరవైమంది ఆ చిన్న గదిలో నిలబడి చూస్తున్నారు. జయపాల్ వేళ్ళు తోలు మీద ఆనాయి, అంతే, కదల్లేదు. నుదుట చెమట పట్టింది. "సిగ్గుపడుతున్నాడు" అంది తెరేసమ్మ. వాడు డోలక్‌ని పక్కన పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తలమీద చేతులుంచి ప్రార్థన చేసి అందరూ వెళ్ళిపోయారు. డోలక్ అక్కడే మూలన ఉండిపోయింది.

మర్నాటి నుంచి బ్రష్షు తడవలేదు. స్నానం లేదు. హేమ దగ్గరకి వెళ్ళే రోజు వస్తే లేవలేదు. ఇదివరకు కనీసం "ఎందుకు" అనేవాడు, ఇప్పుడు అదీ లేదు. ఎండలు ముదిరాయి, స్కూలుకి సెలవులిచ్చారు. దానమ్మ పగలంతా ఆ గది గుమ్మం బయట కూర్చుని, లోపల గోడవైపు తిరిగిన వీపును చూస్తూ గడిపింది.

కబురంది కృప పరుగున వచ్చింది. జరిగిందంతా విని తల పట్టుకుంది.

"అమ్మా, మైకులో చెప్పావా? వాడి పేరు చెప్పావా?"

"దేవుడికి స్తోత్రం చెప్పానే."

"అప్పుడు వాడికి తిట్లు ఎక్కడ్నించి వినపడినయ్యే? ఆ గొట్టంలోంచేగా! వాడి పేరు పెట్టి పిలిచేదేగా! ఇన్నేళ్ళు మందులు మింగి, అది నిజం కాదు, అందులోంచి నిన్నెవరూ పిలవట్లేదు అని వాడు ఎట్టాగో నమ్మాడు. ఇప్పుడు నిజంగానే పిలిచావు!"

తను మందిరంలో మైకు పట్టుకున్న ఆ క్షణంలో కొడుకు ఈ గదిలో ఏం విన్నాడో అప్పటికి దానమ్మకి తట్టింది. తన గొంతే. ఆ గొట్టంలోంచే. రెండుసార్లు. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

మర్నాడు ఒక్కతే సిటీ బస్సెక్కి బెంజ్ సర్కిల్ వెళ్ళింది. చెప్పాల్సిందంతా చెప్పి తిట్టించుకోవడానికి సిద్ధమై తలొంచుకుంది. హేమ తిట్టలేదు.

"నేనూ ఒకటి అడగకుండా వదిలేశానమ్మా" అంది. "మీ ఇంట్లో సంతోషమొస్తే ఏం చేస్తారో అడగాల్సింది. కష్టం గురించే అడిగాను."

"ఇప్పుడేం చేయమంటారండీ? మళ్ళీ మొదటికొచ్చిందా?"

"మొదటికి రాలేదు. నాలుగు మార్కులు ఆయనే వేశారు, అది ఎక్కడికీ పోదు. ఒకసారి ఆయన్ని క్షమించమని అడగండి. చిన్నగా, ఏడవకుండా. ఆ తర్వాత మళ్ళీ ఏమీ చేయకుండా ఉండండి. నేను ఫోన్లో పలకరిస్తుంటాను."

కొడుకుని క్షమించమని అడగడమంటే ఏంటో దానమ్మకి తెలియదు, ఆ వీధిలో ఏ తల్లికీ తెలియదు. బస్సులో వస్తూ మాటలు కూడబలుక్కుంది. గది గుమ్మంలో నిలబడి, కొడుకు వీపుతోనే చెప్పింది. "జయా, నీ పేరు మైకులో చెప్పాను. తప్పు చేశాన్రా. ఇంకెప్పుడూ చెప్పను. నన్ను క్షమించు."

ఆవిడ తిరిగి వెళ్ళబోతుంటే గోడవైపు నుంచే మాట వచ్చింది.

"ఆ డోలక్ తీసెయ్."

పట్టపగలు, వీధంతా చూస్తుండగా, డోలక్‌ని చంకనెత్తుకుని దానమ్మ మందిరానికి నడిచింది. ఇంటింటికీ వినపడేలా సాక్ష్యం చెప్పిన దారినే తలొంచుకుని వెళ్ళడం ఆవిడకి చిన్న సంగతి కాదు. "ఏంటమ్మా, తెచ్చేశారు?" అన్నారు బెన్నీగారు. "మావాడికి ఇప్పుడొద్దండి" అంది. ఆయన నొచ్చుకున్నారు గానీ తీసుకున్నారు. ఖాళీ మందిరంలో ఆవిడ కాసేపు మోకరించింది. తండ్రీ, నోరు మూసుకుంటే నీ మహిమ దొంగిలించినట్టా, నోరు తెరిస్తే బిడ్డ పోయేట్టున్నాడు, అని మొరపెట్టుకుంది. లేస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. ప్రభువు ఎందరినో బాగుచేసి, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని పంపించేవాడట. ఆ మాట వందసార్లు విన్నది గానీ, అలా ఎందుకనేవాడని ఎప్పుడూ ఆలోచించలేదు.

రోజులు గడిచాయి. హేమ ఫోన్ చేస్తే జయపాల్ చెవి దగ్గర పెట్టుకుని "ఊఁ" అనేవాడు. కొన్నాళ్ళకి బ్రష్షు మళ్ళీ తడిసింది. ఇంకొన్నాళ్ళకి సాయంత్రాలు గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆదివారం మాత్రం, మైకు గరగరమనగానే లోపలికెళ్ళి తలుపేసుకునేవాడు. దానమ్మ మందిరంలో నోరు విప్పడం మానేసింది. అలిగిందనుకున్నారు జనం.

జూన్లో ఒక శనివారం కాలవకి నీళ్ళు వదిలారన్న కబురు పొద్దున్నే వీధిలో పడింది. ఎవరో కట్ట ఎక్కి, ఎవరో దిగి, పిల్లలు అటూ ఇటూ పరుగులు. జయపాల్ మంచం మీదే ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. దానమ్మ వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. ఒక్కమాట అంటే చాలు, లేరా, మీ నాన్న నీళ్ళొస్తున్నయ్యి అని. ఆ మాట గొంతు దాకా వచ్చింది, మింగేసింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మింగింది. కట్టమీద కేకలు ఎక్కువయ్యాయి. నీళ్ళొచ్చేశాయని అరుపులు. ఆ అరుపులు వీధిని దాటి మెల్లగా దూరమైపోయాయి. అంతా సద్దుమణిగింది. దానమ్మ కత్తిపీట పక్కన పెట్టి మోకాళ్ళ మీద తలానించుకుంది. ఇన్ని నెలల్లో వాడు ఇష్టమని చెప్పింది అదొక్కటే. అదీ వెళ్ళిపోయింది.

అప్పుడు మంచం కిర్రుమంది.

"నీళ్ళొచ్చినయ్యా?" జయపాల్ వంటింటి గుమ్మంలో ఉన్నాడు.

"వచ్చినయ్యి."

"ఎప్పుడు?"

"ఇందాక."

వాడి మొహం ఆవిడకి తెలుసు. ముట్టుకున్నదల్లా పాడవుతుందని వాడికెప్పుడూ తెలిసినదే మళ్ళీ తెలిసినట్టు, చెంపలు జారిపోయాయి. ఇప్పుడు వెనక్కి తిరుగుతాడు, మంచమెక్కుతాడు. దానమ్మ తరిగిన బెండకాయలనే మళ్ళీ చేతిలోకి తీసుకుంది, ఏం చేయాలో తెలియక.

జయపాల్ కదల్లేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి.

"ఇందాకంటే... యనమలకుదురు లాకుల దాకా పోయుండవు" అన్నాడు, తనలో తనే. చొక్కా తగిలించుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి తెరేసమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఒదినా, మీవాడు కట్టమీద ఒక్కడే పోతన్నాడు, దాదాపు పరిగెత్తుతున్నాడు. నిండు కాలవ, నువ్విక్కడ కూర్చున్నావా?" దానమ్మ లేచి గుమ్మం దాకా వెళ్ళింది. కట్ట ఎక్కి, జయా అని పిలిస్తే వీధంతా వింటుంది. వాడూ వింటాడు, ఆగుతాడు, వెనక్కి వస్తాడు. వస్తే మళ్ళీ వెళ్తాడా? ద్వారబంధం పట్టుకుని అలాగే నిలబడింది. ఆ మధ్యాహ్నం ఆవిడ చేసిన ప్రార్థనలో మాటలు లేవు. అన్నం చల్లారిపోయింది. నీడలు వాకిట్లోంచి గోడెక్కాయి.

దీపాలు పెట్టే వేళకి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, ఒక చెప్పు తెగి చేతిలో ఉంది.

"అందుకున్నా" అన్నాడు. "లాకులకి ఇవతలే అందుకున్నా. ముందు నురగ, చెత్త, పాత చెప్పులు. ఆ వెనకమాల అసలు నీళ్ళు. ఒక చోట ముళ్ళకంప అడ్డం పడింది. కర్రతో తీసేశా. నాన్న కూడా అట్టాగే తీసేవాడు."

ఎనిమిదేళ్ళలో ఒక్కసారిగా వాడన్ని మాటలు మాట్లాడలేదు. దానమ్మకి వాణ్ణి పట్టుకుని ఏడవాలని ఉంది. వీధిలోకెళ్ళి అరవాలని ఉంది.

"అన్నం తింటావా?" అంది.

తిన్నాడు, రెండోసారి వడ్డించుకుని మరీ. చెయ్యి కడుక్కుంటూ, ఎవరూ అడక్కుండానే "ఏడు" అన్నాడు. ఏంటో దానమ్మకి తెలుసు. ఆవిడ కంచం తీసి తుడిచింది.

తెల్లారితే ఆదివారం. పాటలయ్యాయి. బెన్నీగారు మైకు తీసుకుని, ఎవరికేం మేలు జరిగిందో చెప్పమన్నారు. పక్కన తెరేసమ్మ మోచేత్తో పొడిచింది. "నిన్న కట్టమీద నే చూశాగా. లేచి చెప్పు." ఆ గుసగుస నాలుగు వరసలు పాకింది. అందరి కళ్ళూ ఇటే తిరిగాయి. బెన్నీగారు కూడా చిరునవ్వుతో మైకు ఆవిడవైపు చాపారు. "దానమ్మగారూ, చాలా రోజులైంది మీ సాక్ష్యం విని. దేవుడు చేసిన మేలు దాచకూడదమ్మా."

ఆవిడ లేచింది. మైకు చేతికొచ్చింది. అలవాటైన బరువే. తెరిచిన తలుపులోంచి స్తంభం, స్తంభానికి గొట్టం, దానికెదురుగా వీధి చివర తన ఇల్లు కనిపిస్తున్నాయి. ఇంటి తలుపు వేసి ఉంది. ఆ తలుపు వెనక ఒకడు ఊపిరి బిగబట్టుకుని ఉంటాడు. నాలుక చివర కొడుకు పేరుంది. జీవితంలో ఇంతకన్నా పెద్ద మేలు ఆవిడకి జరగలేదు, ఇకమీదట జరుగుతుందనీ లేదు.

"ఈ వారం మా గ్యాస్ బండ ముందుగానే వచ్చిందండి" అంది దానమ్మ. "ప్రభువుకి స్తోత్రం."

అది నిజమే, గురువారం వచ్చింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. బెన్నీగారు ఒక్క క్షణం తడబడి ఆమెన్ అన్నారు. మైకు ఇచ్చేసి దానమ్మ చాపమీద కూర్చుంది. దుఃఖమూ ఉంది, దాంతో పాటే ఏదో తేలికతనమూ. మొదటిసారి దేవుడికీ తనకీ మధ్య ఇంకెవరూ లేరనిపించింది.

ఆరాధన ముగిసి ఇంటికొచ్చేసరికి తలుపు తీసి ఉంది. జయపాల్ గుమ్మంలో కూర్చుని తెగిన చెప్పుకి పిన్నీసు పెడుతున్నాడు. తలెత్తలేదు.

"విన్నా" అన్నాడు.

"ఏం విన్నావురా?"

"గ్యాస్ బండ సంగతి." పెదవి ఒక పక్కకి కాస్త వంగింది. దాన్ని నవ్వనొచ్చో లేదో దానమ్మకి తెలియలేదు. చెప్పు తిప్పి చూసుకుని, పిన్నీసు నొక్కి, మళ్ళీ అన్నాడు. "రెండో మేలు సంగతి నేను చెబుతాలే అమ్మా. ఎప్పుడన్నా."

రేపు అన్న మాటే లేని మనిషి నోట ఆ 'ఎప్పుడన్నా' విని, దానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గబగబా వంటింట్లోకి వెళ్ళి, కొత్త బండతో పొయ్యి వెలిగించి అన్నానికి ఎసరు పెట్టింది.